నీవు ఎక్కడ ఉన్నావు? – ప్రార్థన గురించి ఒక లెక్కల గుమాస్తా చెప్పే మాటలు

ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల పుస్తకాలు రాసి రిటైరైనవాణ్ణి. పాస్టర్‌ని కాను. సంఘంలో నిలబడి ప్రార్థన చేయమంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. అలాంటి నన్ను ఈమధ్య కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఒక అబ్బాయి ఆరాధన అయ్యాక పక్కకి పిలిచి, "అంకుల్, రోజూ ప్రార్థన చేసుకో అని అందరూ చెబుతారు. ఎలా చేసుకోవాలో ఎవరూ చెప్పరు. కళ్ళు మూసుకున్నాక ఏం చేయాలి?" అని అడిగాడు.

పాపం సిగ్గుపడుతూ అడిగాడు గానీ, శిష్యులు యేసును అడిగిందీ అదే కదా. ఆయన అద్భుతాలు చూశారు, బోధ విన్నారు. మాకు ప్రసంగం చేయడం నేర్పు అని అడిగినట్టు సువార్తల్లో ఎక్కడా లేదు. "ప్రభువా, మాకు ప్రార్థన చేయ నేర్పుము" అని మాత్రం అడిగారు (లూకా 11:1). ఆ అబ్బాయికి ఆ రోజు నిలబడి చెప్పిన నాలుగు ముక్కలే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మొదటి మాట

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా ప్రార్థనలు అచ్చం ఆఫీసు అర్జీల్లా ఉండేవి. సర్వోన్నతుడవైన, మహాఘనుడవైన అంటూ పై అధికారికి రాసినట్టు సగం పేజీ సంబోధన, తర్వాత విన్నపాలు, చివర యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్. ఒక్క తడబాటు లేకుండా వచ్చేది. చిన్నప్పటి నుంచీ విన్న మాటలే కాబట్టి నోరు తన పని తాను చేసుకుపోయేది.

ఒక నెలాఖరున లెక్క కుదరలేదు. 900 తేడా. మా వృత్తిలో ఒక చిట్కా ఉంది: తేడాని తొమ్మిదితో భాగించి చూడాలి. శేషం లేకుండా పోయిందంటే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు. 5,400 అని రాయాల్సిన చోట 4,500 అని పడి ఉంటుంది. ఆ వరుస నేను వెతికి పట్టుకునేసరికే మా కింద పనిచేసే కుర్రాడికి మేనేజర్ దగ్గర చీవాట్లు పడిపోయాయి. చూస్తే ఆ రాత నాది. ఎవరికీ చెప్పకుండా దిద్దేసి ఇంటికి వచ్చేశాను.

రాత్రి మోకరించి, మామూలుగానే "మహాఘనుడవైన తండ్రీ" అన్నాను. అక్కడితో ఆగిపోయింది. ఎంతసేపు ప్రయత్నించినా రెండో మాట రాదు. చివరికి, "ఆ రాత నాదే" అన్నాను. అంతే, ఆ రాత్రి ఇంకేమీ ప్రార్థించలేదు. పొద్దున్నే వెళ్ళి మేనేజర్‌కీ, ఆ కుర్రాడికీ అదే మాట చెప్పాను.

నేను నిజంగా ప్రార్థన చేసింది ఆ రాత్రే మొదటిసారి అనుకుంటాను.

ఆదికాండము మూడో అధ్యాయంలో ఆదాము చెట్ల మధ్య దాక్కుంటే దేవుడు ఒకటే అడిగాడు: "నీవు ఎక్కడ ఉన్నావు?" ఏ చెట్టు వెనక ఉన్నాడో ఆయనకి తెలియక కాదుగా. మీరు అడగక మునుపే మీకేం అక్కరగా ఉందో మీ తండ్రికి తెలుసని యేసు కూడా అన్నాడు (మత్తయి 6:8). మరి తెలిసినాయనకి చెప్పడం దేనికి అని ఆ అబ్బాయి లాజిక్ తీశాడు. చెబితే మనం దాక్కోవడం ఆగుతుంది. ఇన్నేళ్ళలో ప్రార్థన గురించి నాకు అర్థమైంది ఆ ఒక్క ముక్కే.

అందుకని కూర్చోగానే ఆ ప్రశ్నకి జవాబు చెప్పండి. ఇప్పుడు, ఈ నిమిషంలో, మీరెక్కడున్నారు? "టెన్షన్‌గా ఉంది ప్రభువా." "ఆమె మీద కోపం ఇంకా తగ్గలేదు." "నిద్రొస్తోంది, ఇక్కడికి రావాలని కూడా లేదు." ఇదంతా అమర్యాద అనుకునేవాళ్ళు 13వ కీర్తన తీసి చూడండి. ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావు అని మొదటి వచనంలోనే నిలదీస్తాడు దావీదు. కొడుకు జబ్బుతో యేసు దగ్గరికొచ్చిన తండ్రి ఒకే ఊపిరిలో నమ్ముతున్నాను అనీ, నాకున్న అపనమ్మకం పోయేలా సహాయం చెయ్యి అనీ అన్నాడు (మార్కు 9:24). ముందు నమ్మకం సరిచేసుకుని రా అని అతన్ని వెనక్కి పంపలేదు.

చోటు, సమయం

దీని గురించి చాలామంది అవసరానికి మించి కంగారుపడతారు. యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళాడు (మార్కు 1:35), పన్నెండుమందిని ఏర్పరచుకునే ముందు రాత్రంతా ప్రార్థనలో గడిపాడు (లూకా 6:12). దానియేలు రోజుకి మూడుసార్లు. భంగిమలూ అంతే: గెత్సేమనేలో యేసు మోకాళ్ళూనాడు, దేవాలయంలో సుంకరి దూరంగా నిలబడ్డాడు, దావీదు యెహోవా సన్నిధిలో కూర్చుని మాట్లాడాడు, హన్నా పెదవులు కదిలాయి గానీ స్వరం వినబడలేదు. నా మోకాళ్ళు అరిగిపోయి ఆరేళ్ళవుతోంది, నేను కుర్చీలోనే.

నేను పట్టుబట్టేది రెండింటికి. రోజూ ఒకే చోటు, ఒకే సమయం. మొదట్లో పది నిమిషాలు చాలు. గంటతో మొదలుపెట్టినవాళ్ళు నాలుగో రోజుకి మానేయడం నేను చాలాసార్లు చూశాను, వాళ్ళలో నేనూ ఉన్నాను. రెండోది, ఫోన్ వేరే గదిలో పెట్టండి. బైబిల్ ఫోన్‌లోనే ఉంది కదా అంటారు. నిజమే, మిగతా లోకమంతా కూడా అందులోనే ఉంది.

పక్కన ఒక చిత్తు కాగితం, పెన్సిల్ ఉంచుకోండి. కళ్ళు మూసుకోగానే కట్టాల్సిన బిల్లు, చేయాల్సిన ఫోన్, ఎవరో అన్న మాట వరసగా గుర్తొస్తాయి. వాటితో కుస్తీ పడితే ప్రార్థన కాస్తా కుస్తీ అయిపోతుంది. బిల్లులాంటిదైతే కాగితం మీద ఒక ముక్క రాసి పక్కన పెట్టండి. ఎవరో అన్న మాటే పదేపదే తిరుగుతోందంటే మాత్రం దాన్ని తోలేయకండి, దాని గురించే ప్రార్థించండి. మీరెక్కడున్నారో అది చెబుతోంది.

ముందు వినడం

బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని పెంచిన జార్జ్ ముల్లర్ ప్రార్థనాపరుడిగా పేరున్న మనిషి. ఆయన కూడా ఏళ్ళ తరబడి లేవగానే మోకరించేవాడట. మొదటి పది నిమిషాలో, పావుగంటో, ఒక్కోసారి అరగంటో మనసు ఎక్కడెక్కడికో పోయేదని తనే రాసుకున్నాడు. 1841లో వరస మార్చాడు: ముందు వాక్యం చదివి ధ్యానించడం, అందులోంచి ప్రార్థనలోకి వెళ్ళడం. అప్పటినుంచి ఆ ఇబ్బంది దాదాపు పోయిందట. ముల్లర్‌కే మనసు తిరిగిందంటే మనమెంత అని నాకు భలే ధైర్యం వచ్చింది.

నేను చేసేది రోజుకో కీర్తన. మొత్తం 150, అంటే అయిదు నెలలు. పైకి, నెమ్మదిగా చదువుతాను. ఏ మాట దగ్గర గొంతు ఆగితే అక్కడ ఆగుతాను. శత్రువుల పళ్ళు విరగ్గొట్టమని అడిగే కీర్తనలు వచ్చినప్పుడు నాకిప్పటికీ ఇబ్బందే. కానీ వాటిని దాటేయను. అంత కోపాన్ని మనిషి తన చేతుల్లోకి తీసుకోకుండా దేవుడి ముందు పెట్టాడు కదా అనుకుంటాను.

ప్రభువు నేర్పిన ప్రార్థన

ఏం మాట్లాడాలో తెలియదన్నవాళ్ళకి ఇంతకు మించిన సాధనం నాకు తెలియదు. గబగబా చదివితే అర నిమిషం కూడా పట్టదు, ఇబ్బందంతా అక్కడే. ఆదిమ సంఘపు బోధల పుస్తకం దిదాకే దీన్ని రోజుకి మూడుసార్లు చెప్పమంది. అలా చెప్పడం మంచిదే. ఇంకో పద్ధతి, ఒక్కో మనవి దగ్గర ఆగడం. 1535లో మార్టిన్ లూథర్ తనకి క్షవరం చేసే పీటర్ కోసం ప్రార్థన ఎలా చేయాలో ఒక ఉత్తరంగా రాశాడు. అందులో చెప్పింది ఇదే: ఒక్కో మనవినీ తీసుకుని మీ సొంత మాటల్లో పెట్టండి. మధ్యలో ఏదైనా ఒక తలంపు గట్టిగా పట్టుకుంటే మిగతావి వదిలేసి నిశ్శబ్దంగా దాన్నే వినండి. క్షవరం చేసేవాడి చూపు కత్తి మీద లేకపోతే ఎదుటివాడి ముక్కు తెగుతుంది, ప్రార్థనలోనూ అంత ధ్యాస కావాలని అతని పనిలోంచే పోలిక తీశాడు.

"మా అనుదినాహారము" అన్నప్పుడు ఆ రోజు నిజంగా కావలసింది చెప్పండి. చిన్నదైనా సరే. "మా" అన్న మాట మాత్రం గమనించండి. ఈ ప్రార్థనలో నేను, నా అన్న మాటలు ఒక్కచోట కూడా లేవు. నా ఒక్కడి అవసరం అడిగి ఊరుకోవడానికి అది ఒప్పుకోదు.

నన్ను వారాల తరబడి ఆపేసిన మనవి ఇంకొకటుంది. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." లెక్కల మనిషిని కదా, ఋణం అన్న మాట నాకు మెత్తగా వినిపించదు. ఒక దగ్గరి బంధువు నా దగ్గర పెద్ద మొత్తమే తీసుకుని, నెలలు గడిపి, చివరికి అసలు తీసుకోలేదన్నాడు. కాగితం రాయించుకోలేదు, అది నా తెలివితక్కువతనం. నాలుగేళ్ళు అతని పేరు వింటే నా చెవులు వేడెక్కేవి. క్షమిస్తాము అని ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చూద్దామనుకునేవాణ్ణేమో. మన బైబిల్లో ఆ మాట "క్షమించియున్న" అని ఉంది, అప్పటికే అయిపోయినట్టు. అబద్ధం చెప్పకుండా ఆ వాక్యం దాటలేకపోయాను.

మత్తయి 18లో పదివేల తలాంతుల అప్పు మాఫీ అయినవాడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్న కథ ఉంది. అలవాటు కొద్దీ ఒకరోజు లెక్క కట్టాను. తలాంతుకి సుమారు ఆరువేల దేనారాలు. అంటే పదివేల తలాంతులు ఆరు కోట్ల దేనారాలు. నూటికి ఆరు కోట్లు, ఆరు లక్షల రెట్లు! కాలిక్యులేటర్ పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

రాని బాకీని మేము పుస్తకాల్లోంచి ఎలా తీసేస్తామో తెలుసా? మర్చిపోతే పోదు, దానికి ఒక పద్దు రాయాలి. ఆ నష్టం అప్పు తీసుకున్నవాడి ఖాతాలోకి వెళ్ళదు, ఇచ్చినవాడి ఖాతాలోనే పడుతుంది. ఎవరో ఒకరు భరించాలి. సిలువ గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు తట్టనిది ఆ పద్దు రాసేటప్పుడు తట్టింది. ఒక కాగితం మీద అతని పేరు, మొత్తం, తేదీ వేసి, "కొట్టివేయడమైనది" అని రాసి సంతకం పెట్టాను. కోపం ఆ రోజే పోలేదు. మళ్ళీ లేచిన ప్రతిసారీ ఆ కాగితం తీసి చూసుకుని ప్రార్థన కొనసాగించేవాణ్ణి. మళ్ళీ అప్పు మాత్రం ఇవ్వలేదు, క్షమించడానికీ దానికీ ముడి లేదు. మిమ్మల్ని కొట్టేవాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళడానికీ దీనికీ ముడి లేదు, ఎవరైనా అలా చెబితే వినకండి.

ఖాళీగా ఉన్న గడి

ప్రార్థనకి ఒక పుస్తకం పెట్టుకోండి. అడిగిన తేదీ, అడిగిన సంగతి, జవాబు వచ్చిన తేదీ, మూడు గడులు చాలు. నా పుస్తకంలో నిండిన వరుసలు చాలానే ఉన్నాయి. వెనక్కి తిప్పి చూస్తే, అడిగానన్న సంగతే మర్చిపోయినవి కూడా జరిగి ఉంటాయి. కృతజ్ఞత చెప్పడానికి ఆ పుస్తకమే గుర్తు.

కానీ ఒక హెచ్చరిక. మా చెల్లికి కిడ్నీలు పాడైనప్పుడు పద్నాలుగు నెలలు అడిగాను. ఉపవాసం ఉన్నాను, సంఘమంతా అడిగింది. చెల్లి వెళ్ళిపోయింది. ఆ వరుసలో మూడో గడి ఇప్పటికీ ఖాళీనే. అందులో రాయడానికి చాలామంది చాలా మాటలు సూచించారు. ఏదీ రాయలేదు.

నా దగ్గర దానికి వివరణ లేదు. పౌలు తన శరీరాన్ని బాధించే ఒక ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది, ముల్లు అలాగే ఉంది. గెత్సేమనేలో కుమారుడైన యేసే, ఈ శ్రమల గిన్నె నా నుంచి తొలగించు అని మూడుసార్లు ప్రార్థించాడు, గిన్నె తొలగిపోలేదు. విశ్వాసం చాలక జవాబు రాలేదు అని ఎవరైనా మీతో అంటే ఈ రెండు చోట్లూ చూపించండి.

అయితే ఒకటి జరిగింది. చివరి దశలో ఒకరోజు చెల్లి, "అన్నయ్యా, బాగుచెయ్యమని రోజూ అడుగుతున్నావు కదా, నాకు భయం పోవాలని కూడా ఒకసారి అడగవా" అంది. పద్నాలుగు నెలల్లో నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆమె ఎక్కడుందో నేను అడగనే లేదు. ఆ రోజు దాన్ని కింది వరుసలో రాసి అడిగాను. రాత్రంతా లైటు వెలగాల్సిందేనని పట్టుబట్టే మనిషి, ఆఖరి వారాల్లో తనే ఆర్పేయమనేది. ఆ గడిలో తేదీ ఉంది.

అప్పట్నుంచి ఎవరైనా ప్రార్థనలో పెట్టండి అని ఫోన్ చేస్తే ముందు, "ఏమని అడగమంటారు?" అని అడుగుతాను. తప్పకుండా ప్రార్థిస్తామండి అనేసి పెట్టేయను, ఫోన్‌లోనే రెండు వాక్యాలు ప్రార్థిస్తాను. తర్వాత చేద్దాం అనుకున్నవి సగం మర్చిపోతానని నా పుస్తకమే సాక్ష్యం.

చెల్లి పోయాక రెండు నెలలు నాకు నోరు రాలేదు. 88వ కీర్తన ఒక్కటే చదివేవాణ్ణి. చీకటే నాకు బంధువర్గమైంది అని ముగిసిపోతుంది అది, చివర్లో ఆశ కూడా ఉండదు. అలాంటిదాన్ని కూడా లేఖనాల్లో ఉంచినందుకు దేవుడికి కృతజ్ఞుణ్ణి. సాయంత్రం మా ఆవిడ పక్కన కూర్చుని ప్రార్థన మొత్తం తనే చెప్పేది. చివర ఆమేన్ మాత్రం నేననేవాణ్ణి. మీకూ అలాంటి రోజులొస్తే ఒంటరిగా ప్రయత్నించకండి, ఇంకొకరి ప్రార్థన కింద ఆమేన్ అనండి. అదీ రాకపోతే, మాటల్లో పెట్టలేని మూలుగులతో ఆత్మే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది.

మిగతా రోజంతా

"యెడతెగక ప్రార్థనచేయుడి" అన్న మాట చూసి ఆ అబ్బాయి బెదిరిపోయాడు. నెహెమ్యాని చూడమన్నాను. యెరూషలేము కోసం కొన్ని నెలలు ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించిన మనిషి. తీరా రాజు నీకేం కావాలి అని అడిగినప్పుడు, ఆ ప్రశ్నకీ తన జవాబుకీ మధ్య దేవుడికి ప్రార్థన చేశానని రాసుకున్నాడు (నెహెమ్యా 2:4). ఎంత పట్టి ఉంటుంది, రెండు క్షణాలు? నీళ్ళలో మునిగిపోతూ పేతురు అన్నది కూడా ప్రభువా, నన్ను రక్షించు అని మాత్రమే. మీటింగ్‌లోకి వెళ్ళే ముందు తలుపు పిడి మీద చెయ్యి పడినప్పుడు, కోపంగా మెసేజ్ టైప్ చేసి పంపబోయే ముందు, ఒక్క మాట. పొద్దున పది నిమిషాలు కూర్చోవడం అలవాటైతే ఈ ఒక్క మాట సమయానికి దానంతటదే నోటికొస్తుంది.

ఆ అబ్బాయి నిన్న మళ్ళీ కనిపించాడు. మొహం చాటేయబోతే నేనే పిలిచాను. పదకొండు రోజులు బాగా సాగిందట, తర్వాత పరీక్షలని వారం రోజులు ఆగిపోయిందట. ఇప్పుడు మళ్ళీ కూర్చోవాలంటే మొహం చెల్లడం లేదన్నాడు. పోయిన రోజులన్నిటికీ కలిపి ఒక గంట ప్రార్థించాలా అని అడిగాడు. బకాయిలేమీ కట్టక్కర్లేదు బాబూ, అన్నాను. కూర్చుని, "వారం రోజులుగా రాలేదు, ఇప్పుడొచ్చాను" అని చెప్పు. తర్వాత పన్నెండో కీర్తన తియ్యి, అక్కడే కదా ఆగావు.